నోట్ల పోస్తె పాపమా

మొన్న కరీంనగర్ నుంచి సిరిసిల్ల వెళ్తుంటే బస్సు వేములవాడలో చాలాసేపు ఆగింది. జాతర రోజులు. బస్టాండు పక్కన ఆరోగ్య శాఖ వాళ్ళు గుడారం వేశారు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతె మైకు పట్టుకుని, వచ్చే పోయే తల్లులకు చెబుతోంది.

"అమ్మలారా, పిల్లలకు బేదులైతే నీళ్ళు బందు చేయకుండ్రి. గంజిల ఇంత ఉప్పేసి, చెంచాతోని కొంచెం కొంచెం తాగిపియ్యుండ్రి."

నేను బస్సు దిగాను. మోకాళ్ళ నొప్పులతో దిగవలసిన అవసరం లేదు, అయినా దిగాను. ఆ పిల్ల దగ్గరికి పోయి, "ఇది నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"పెద్ద పెద్ద డాక్టర్లు పరిశోధన చేసి కనిపెట్టిండ్రమ్మా" అంది, మర్యాదగానే.

నా నోరు మొదటినుంచీ మంచిది కాదు. "ఎవడు కనిపెట్టిండే? నీ డాక్టర్లు పుట్టకముందే..." అని అరవడం మొదలుపెట్టాను. చుట్టూ జనం చేరారు. ఆ పిల్ల బిత్తరపోయి మైకు కింద పెట్టింది. కండక్టరు వచ్చి, "అమ్మా, బస్సు పోతది" అని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. సీట్లో కూర్చున్నాక సిగ్గేసింది. ఆ పిల్ల తప్పేముంది? అరవవలసిన చోట అరవని మనిషిని, ఇప్పుడు ముసలిదాన్నయ్యాక దారిన పోయేవాళ్ళ మీద అరుస్తున్నాను.

ఆ గంజి పోయడం నాకు నేర్పినామెను మేం నర్సులం అక్క అనేవాళ్ళం. పేరు రాయను. బతికున్నప్పుడు ఏ కాగితం మీదా ఆ పేరుకు విలువ దక్కలేదు. ఇప్పుడు నేను అచ్చులో వేసి చేతులు కడుక్కోవడం నాకు ఇష్టం లేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పోయిన సంగతి కూడా నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆ గంజి సంగతి ప్రపంచంలో ఆమె ఒక్కతే కనిపెట్టిందని అనను. ఎన్ని ఊళ్ళలో ఎందరు ఆడవాళ్ళకు తెలుసో. నా కళ్ళతో నేను చూసింది మాత్రం ఆమెనే.

ఆదిలాబాద్ జిల్లాలో పత్తి జిన్నింగు మిల్లులున్న ఒక ఊరు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు నేను చేరేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మాది నస్పూరు, బాపు బొగ్గుబాయిలో పని. మా చర్చి పాస్టరు గారు ఉత్తరం రాసిస్తే సీటు దొరికింది. మొదటి రోజు పిల్లల వార్డులోకి పోయి నిలబడ్డాను. ఒక పొట్టి మనిషి, నల్లగా, పెద్ద పాదాలతో, నెత్తి మీద టోపీ ఒక పక్కకు జారిపోయి, గబగబా వచ్చింది. నమస్కారం పెట్టబోతే ఆ చెయ్యి పట్టుకుని, మణికట్టు పైన చర్మాన్ని రెండు వేళ్ళతో గుంజి వదిలింది. అది మెల్లగా వెనక్కి పోవడం చూసింది.

"పొద్దట్నుంచి నీళ్ళు తాగలే నువ్వు. బొగ్గుబాయి పోరివి, నీళ్ళు తాగుడు గూడ రాదా? పో, తాగిరా పో."

అదీ మా పరిచయం. ఆ గుంజి చూసే అలవాటు ఆమెకు రోగంలా ఉండేది. ఒంట్లో నీళ్ళు తగ్గిన పిల్లల పొట్ట చర్మం గుంజి వదిలితే వెంటనే సర్దుకోదు, ముడతలాగా నిలబడుతుంది. పొద్దంతా అదే చూసీ చూసీ ఆమె వేళ్ళు ఊరుకునేవి కావు. అంగడిలో వంకాయలు కూడా గుంజేది. కూరగాయలమ్మే అవ్వ ఒకరోజు, "గవి వంకాయలు సిస్టరమ్మా, పొల్లగాండ్లు గాదు" అని తిట్టింది. మేం నవ్వుకుంటూ ఉంటే మా అందరికీ తలా ఒక మొట్టికాయ పెట్టింది.

మొట్టికాయలు ఆమె దగ్గర దండిగా దొరికేవి. మంచి మనిషి అని రాయాలని నాకేం లేదు. నోరు తెరిస్తే ఎవరినీ చూసేది కాదు. ఆసుపత్రి వెనక బట్టలుతికే బండ దగ్గర కూర్చుని పండ్లకు తంబాకు రుద్దుకునేది, మేట్రన్ దొరసానికి తెలిసి మూడుసార్లు జీతం కోస్తానని బెదిరించినా మానలేదు. చదివింది నిజాం కాలంలో ఉర్దూ మీడియం. వార్డు ఆయాగా చేరి, మిషన్ వాళ్ళే నడిపిన చిన్న కోర్సు చదివి నర్సయింది. లెక్క మాత్రం చచ్చేదాకా ఉర్దూలోనే పెట్టేది.

ఆ లెక్క ఎందుకంటే గంజి కోసం. ఒక చెంచా నోట్లో పోయాలి. ఏక్, దో, తీన్ అని ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టాలి. అప్పుడు ఇంకో చెంచా. పిల్ల కక్కుకుంటే కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి. తల్లులకు ఉర్దూ రాకపోయినా ఆ ఇరవై అంకెలూ నేర్పేది. ఉప్పు ఎంతంటే, తల్లినే నాకి చూడమనేది. "మజ్జిగల ఏసుకున్నంత గాదు, అండ్ల సగం" అనేది. ఆమెకున్న వైద్యశాస్త్రం అంతే.

అయితే అది దొంగతనంగా చేయవలసిన పని. ఇది చదివే ఈ కాలం పిల్లలకు ఆ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో బేదులైన పిల్లకు ఇంట్లో అవ్వలూ నీళ్ళు పోసేవాళ్ళు కాదు, మా ఆసుపత్రిలో డాక్టరూ పోయనిచ్చేవాడు కాదు. అవ్వల మాట, నీళ్ళు పోస్తే బేదులు ఎక్కువవుతాయని. మా డాక్టరు మాట, పేగుకు విశ్రాంతి ఇవ్వాలని. అవ్వల్ని మూఢులన్నారు, డాక్టర్ని డాక్టరన్నారు. ఇద్దరి మధ్యా నాలుక పిడచగట్టుకుపోయిన పిల్ల ఒకటే. చార్టు మీద "ఇరవై నాలుగు గంటలు నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని రాసి, తొడలోకి పెద్ద సూది గుచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించేవారు. సూదులు మూడు, సీసాలు నాలుగు. ఎండాకాలం వస్తే పిల్లలు ముప్పై మంది.

పెద్ద డాక్టరు కోస్తా నుంచి వచ్చినాయన. ఆయన చెడ్డవాడైతే నాకీ మంట ఉండేది కాదు. ఒక జిన్నింగు కూలీ బిడ్డకు తన రక్తం తానే ఇచ్చి, చొక్కా చెయ్యి దించుకుని రౌండుకు పోయిన మనిషి. కానీ పుస్తకంలో లేనిది ఆయన కంటికి కనబడేది కాదు. పొద్దున పదింటికి ఆయన రౌండు అయిపోయేది. పదిన్నరకు అక్క రౌండు మొదలయ్యేది.

ఒకసారి మరాఠీ మాట్లాడే ఒకామె రెండేళ్ళ కొడుకును తెచ్చింది. జుట్టు నిండా దూది పీచు, అటు తల్లికీ ఇటు పిల్లాడికీ. వాడు ఏడవడం లేదు. ఏడ్చే పిల్లల్ని వదిలి అక్క నేరుగా వాడి దగ్గరికి పోయింది. "ఏడ్చేటోడు బతుకుతడు. ఏడ్వనోని తానికి ఉరుకు" అని మాకు రోజూ చెప్పేది. వాడు నీళ్ళ కుండ వైపు చూస్తున్నాడు. వెంట వచ్చిన వాడి నానమ్మ కుండకు అడ్డంగా కూర్చుంది.

"ఓ బాయీ, జర జరుగు" అంది అక్క.

"నీళ్ళిస్తె సస్తడు. డాక్టరు సాబు గూడ వద్దన్నడు."

"ఇయ్యకపోతె బతుకుతడా? గుడ్లు లోపటికి పోయినయ్, సూడు. నీ మనుమడు నీళ్ళడుగుతుండు, నువ్వు కుండకు కావలి కూసున్నవ్. గింత పాపం ఏడ మోస్తవే ముసల్దానా?"

ముసలామె ఏడ్చింది. అక్క ఆమెను పట్టించుకోలేదు. నన్ను వంటింటికి పంపి గంజి తెప్పించి, చెంచా నా చేతికిచ్చి కూర్చోబెట్టింది. పదకొండింటి నుంచి నాలుగింటి దాకా ఏక్ దో తీన్ అంటూ నేనే పోశాను. నాలుగుసార్లు కక్కాడు. నాలుగుసార్లు మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగున్నరకు వాడు పక్కబట్ట తడిపాడు. అక్క ఆ తడిబట్ట పట్టుకుని వార్డంతా తిరిగింది, పెళ్ళికి కొన్న పట్టుచీర చూపించినట్టు. "ఉచ్చ పోసిండే! సూడుండ్రి, ఉచ్చ పోసిండు!" ఒంట్లో నీళ్ళు నిలబడ్డాయంటే ఆ తడే సాక్ష్యం. మర్నాడు డాక్టరు వచ్చి వాణ్ణి చూసి, మేట్రన్‌తో "సెలైన్ ఎంత బాగా పనిచేసిందో చూశారా" అన్నాడు. వాడి తొడలో సూది నిలవలేదని, సీసా ముప్పాతిక మిగిలిపోయిందని ఆయన చూడలేదు. నాకు నవ్వు వచ్చింది. అక్క నా కాలు గట్టిగా తొక్కింది.

మా ట్రైనింగు అయిపోయి నేను స్టాఫ్ నర్సు అయిన ఏడాది, మిషన్ వాళ్ళు ఒకరిని మద్రాసు వైపు కాలేజీలో నర్సింగ్ డిగ్రీకి పంపుతామన్నారు. నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది అచ్చంగా పిల్లల నర్సింగే. తిరిగొచ్చాక పిల్లల వార్డుకు ఇన్‌చార్జి. సీటు ఒకటే. అక్క కళ్ళన్నీ దాని మీదే. అప్పటికే ఆమె ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఆ ఏడు దాటితే వయసు దాటిపోతుంది.

"ఇంత వయసుల నీకు డిగ్రీ ఎందుకక్కా?" అని ఒకసారి అడిగాను.

"నేను గంజి పోస్తె దొంగతనమైతుంది గదనే. డిగ్రీ ఉంటె నేను జెప్పేది చార్టు మీదికెక్కుతది. నేను లేనప్పుడు గూడ పోస్తరు."

అదొక్కటే కావాలి ఆమెకు. జీతం పెరుగుతుందని ఆమె అనగా నేను వినలేదు.

దరఖాస్తు పెట్టింది ఇద్దరమే, ఆమె, నేను. నేనెందుకు పెట్టానంటే పాస్టరు గారు పెట్టమన్నారు, బాపు సంబరపడ్డాడు, నాకూ ఆశ ఉంది. అక్క కోప్పడలేదు. ఇంటర్వ్యూ ముందురోజు నేనే ఆమెను బతిమాలాను. "అక్కా, బేదుల సంగతి అడుగుతరు. పుస్తకంల ఉన్నదే చెప్పు. సీటు అచ్చినంక నీ ఇష్టం."

"పుస్తకంల ఉన్నది అబద్దం గద."

"తెలుసు. అయినా చెప్పు."

"నాకు తెల్సి తెల్సి గా మాట నోట్లకెల్లి రాదే" అంది. అంత మొండిదాన్ని నేనెక్కడా చూడలేదు. ఒక్క అబద్ధం, నాలుగు మాటల అబద్ధం ఆడి ఉంటే ఎందరు పిల్లలు బతికేవాళ్ళో! ఆమె మీద కూడా నాకు కోపమే, దాచుకోను.

ఆఫీసు గదికి సగం తలుపులుండేవి, పైనా కిందా ఖాళీ. వరండాలో బల్ల మీద కూర్చున్న నాకు లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. లోపల డాక్టరు, మేట్రన్ దొరసాని, మిషన్ తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి. అనుకున్న ప్రశ్నే అడిగాడు డాక్టరు. బేదులతో ఒంట్లో నీళ్ళు తగ్గిన రెండేళ్ళ పిల్లకు ఏం చేస్తావు?

"గంజిల ఉప్పేసి చెంచాతోని పోస్త సార్."

డాక్టరు, "ఎక్కడ చదివావమ్మా ఇది?" అన్నాడు.

అక్క చెప్పింది. ఆ కథ నాకూ అప్పటిదాకా చెప్పలేదు. "రజాకార్లు పోయిన ఏడు మా ఊర్లె గత్తరొచ్చింది సార్, కలరా. మా తమ్మునికి, చెల్లెకు ఇద్దరికి తగిలింది. మా అవ్వ నీళ్ళు బందు పెట్టింది. మా తమ్ముడు మాట ఇనలే. పాక్కుంట పోయి గొడ్ల కుడితి గోలెంల మూతి పెట్టి తాగిండు. బియ్యం కడుగు, గంజి, ఉప్పు, అన్ని అండ్లనే ఉంటయ్ గద. కొట్టి గుంజుకొచ్చినా మల్ల పోయి తాగిండు. ఆడు బతికిండు. మా చెల్లె మంచి పిల్ల సార్. వద్దంటె ఊకున్నది. తెల్లారేసరికి సచ్చిపోయింది."

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మనం నడిపేది ఆసుపత్రా, పశువుల కొట్టమా? పసిపిల్లలకు కుడితి పోస్తావా?"

"తొడల పోసే ఉప్పునీళ్ళు నోట్ల పోస్తె పాపమా సార్?"

ఆయనకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ వార్డులో ఇదే చేస్తున్నావా అని గట్టిగా అడిగాడు. చేస్తున్నానంది. వెళ్ళమన్నారు. అక్క బయటికి వచ్చి, నా పక్కనే బల్ల మీద కూర్చుంది. నన్ను పిలిచారు.

నన్నూ అదే ప్రశ్న అడిగాడు. ఇరవై నాలుగు గంటలు నోటి ద్వారా ఏమీ ఇవ్వనని, సెలైన్ పెట్టి మూత్రం కొలుస్తానని ఇంగ్లీషులో గడగడా చెప్పాను. మేట్రన్ తలూపింది. చివర్లో డాక్టరు, "నువ్వు ఆమె కింద పనిచేశావు కదా. వార్డులో గంజి పోయడం ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

సగం తలుపులు. బయట అక్క.

"లేదు సార్. నేను చూడలేదు."

బయటికి వచ్చి ఆమె ముఖం చూడకుండా పోదామనుకున్నాను. ఆమే నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"మంచిగ చెప్పినవ్. సీటు నీకే అస్తది. ఫికర్ చెయ్యకు, నేనేమనుకోను. పోయి చదువుకో. అచ్చినంక నువ్వు చెప్పు ఆళ్ళకు. నేను చెప్తె కుడితి అయితుంది, డిగ్రీదానివి నువ్వు చెప్తె నీ మాట ఇంటరు."

"చెప్తా అక్కా" అన్నాను.

వారం తిరక్కుండా ఆమెను పిల్లల వార్డు నుంచి తీసి, దుప్పట్లు, పక్కబట్టలు ఉండే గదిలో వేశారు. వంటింటికి ఆర్డరు పోయింది, పిల్లల వార్డుకు గంజి పంపరాదని.

నేను పోయి చదివాను. గొప్ప కాలేజీ, గాజు తలుపులు, తెల్ల టైల్సు. పిల్లల నర్సింగు నేర్పడానికి విదేశం నుంచి తెప్పించిన రబ్బరు బొమ్మ ఒకటి ఉండేది. దానికి స్నానం చేయించడం, సూది గుచ్చడం, బట్టలు మార్చడం నేర్చుకున్నాం. రబ్బరు బొమ్మకు దాహం వేయదు. ఆఖరి పరీక్షలో బేదుల మీద పెద్ద ప్రశ్నే వచ్చింది. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదని నాలుగు పేజీలు రాశాను. ఆ పేపర్లో క్లాసులో నాదే మొదటి స్థానం. ప్రైజుగా ఒక పుస్తకం కూడా ఇచ్చారు. సెలవులకు నస్పూరు వచ్చినప్పుడల్లా, ఆసుపత్రిలో పనిచేసే మావాళ్ళ ద్వారా అక్క అడిగిస్తూనే ఉంది, ఎప్పుడొస్తావని. నేను ఒక్కసారి కూడా ఆ వైపు పోలేదు.

నాలుగేళ్ళ తర్వాత పిల్లల వార్డుకు ఇన్‌చార్జిగా వచ్చాను. అది చైత్రం, ఎండలు ముదురుతున్నాయి. మొదటి రోజు రౌండు. అదే డాక్టరు, జుట్టు నెరిసింది, మనిషి కొంచెం మెత్తబడ్డాడు. ఏడో మంచం మీద పద్దెనిమిది నెలల పాప, కళ్ళు గుంటలు పడి ఉంది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. అక్క చేతుల నిండా ఉతికిన దుప్పట్లతో అప్పుడే వార్డులోకి వచ్చింది. నన్ను చూసి ఆగింది. నాలుగేళ్ళకే ముసలిదయింది.

డాక్టరు చార్టు తీసి, రాయబోయి ఆగి నా వైపు తిరిగాడు. "ఏమ్మా, పైచదువు చదివొచ్చావు. సీసాలు కూడా అయిపోయాయి. ఈ పాపకు నోటి ద్వారా ఏమైనా ఇచ్చి చూద్దామంటావా?"

అది పరీక్ష కాదు. వెక్కిరింపూ కాదు. ఆయన నిజంగానే అడిగాడు. ఒక్క మాట చాలు. నా వెనక స్టూడెంట్లు పదిమంది, పక్కన మేట్రన్. నా కొత్త టోపీ, నా బిళ్ళ, నా ప్రైజు పుస్తకం.

"ఏమీ ఇవ్వొద్దు సార్" అన్నాను.

ఆయన రాసి, తర్వాతి మంచానికి పోయాడు. అక్క దుప్పట్లు ఖాళీ మంచం మీద పెట్టి బయటికి నడిచింది. రౌండు మధ్యలో వదిలి ఆమె వెంట పడ్డాను. వరండాలో దొరికింది.

"అక్కా, ఆగు జర. మొదటి రోజే, అందరి ముంగట ఎట్ల చెప్తా? నేను చెప్తా. మెల్లమెల్లగ చెప్తా."

ఆమె ఆగింది. నా ముఖంలోకి నిదానంగా చూసింది. గొంతు పెంచలేదు.

"మెల్లగనే చెప్పు బిడ్డా. పొల్లగాండ్లకేం తొందరున్నది?"

ఆ పాప మధ్యాహ్నం రెండింటికి పోయింది. అక్క ఆ మర్నాటి నుంచి పనికి రాలేదు, మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేను అన్నట్టే మెల్లగా చెప్పాను. బేదులకు నోటి ద్వారానే ఉప్పునీళ్ళు ఇవ్వాలని పైనుంచి సర్క్యులరు వచ్చాక, అది చేత్తో పట్టుకుని, స్టూడెంట్లకు చదివి వినిపించాను. పన్నెండేళ్ళు పట్టింది.